నర్సింగ్ గిటార్ వైరు వార్తలు చదివిన కాలం

వైరు వెనక మనిషి

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా మా బాపుకు రేడియో రిపేరు దుకాణం ఉండేది. టంకం పెట్టడం నాకు అక్కడే వచ్చింది. నా ఈడు పిల్లలు ఊలుతో స్వెటర్లు అల్లడం నేర్చుకుంటుంటే నేను వైరు చివర ఒలిచి, లోపలి రాగి పోగులు మెలిపెట్టి, సీసం కరిగించి పిన్నుకు అతకడం నేర్చుకున్నాను. తర్వాత నా పని జీవితమంతా ఆర్కెస్ట్రాల వెనక, గిటార్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఉండే నల్లటి తీగ మీదే గడిచింది.

నా పేరు సుగుణ. స్టేజి మీద నన్ను చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లు కూడా పాట పాడడానికి వచ్చాననుకున్నారు. ఒకసారి ఊడిన పిన్ను సరిచేద్దామని స్టేజి ఎక్కితే ముందు వరసలో చప్పట్లు కొట్టారు. పాడకుండా దిగిపోయేసరికి, పాపం గొంతు పట్టేసినట్టుందని ఒకామె లోటాతో వేడినీళ్లు పంపింది. తాగాను. పంపినామెను చిన్నబుచ్చడం ఎందుకు.

ఇప్పుడు పని మానేసి ఇంట్లో కూర్చున్నాక, సౌండ్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు వచ్చి అడుగుతుంటారు, ఎంత పెద్ద ప్రోగ్రాములు చేశావు, ఎవరెవరికి చేశావు అని. నాకు ప్రోగ్రాములు గుర్తు లేవు. గుర్తున్నవి వైర్లు. ఇవాళ గిటార్‌కు వైరే లేకుండా వాయిస్తున్నారు. వీపుకు చిన్న డబ్బా తగిలించుకుంటే సౌండ్ గాల్లోనే పోతుంది. కాబట్టి వైరు కాలంలో ఈ పని అసలు ఎలా ఉండేదో రాసి పెడుతున్నాను.

మొదటి సంగతి, ఆ రోజుల్లో గిటార్ వైరు అని ఒకటి దుకాణంలో అడిగి తెచ్చుకునే వీలు మా వైపు లేదు. దొరికిన దానితో చేసుకునేవాళ్లం. మైకు వైరు ముక్క, టీవీ ఏంటెన్నా వైరు, ఏది ఉంటే అది. నాకు తెలిసిన ఒక గిటారిస్టు ఇస్త్రీపెట్టె వైరు వాడేవాడు. దాని మీద రంగు గుడ్డ అల్లిక ఉంటుంది కదా, స్టేజి మీద అందంగా కనిపిస్తుందని. అతని భార్య మాత్రం ఎప్పుడూ ముడతల చీరల్లోనే ప్రోగ్రాముకు వచ్చేది.

రెండో సంగతి, గిటార్ వైరు లోపల రెండు దారులుంటాయి. నడుమ సన్నటి తీగ గిటార్ శబ్దాన్ని మోస్తుంది. దాని చుట్టూ రాగి పోగుల అల్లిక ఒకటి దుప్పటిలా కప్పుకొని ఉంటుంది. గాల్లో తిరిగే కూతలూ ఈలలూ లోపలికి రాకుండా ఆపేది ఆ అల్లికే. అది తెగిందంటే వైరు రేడియో ఏరియల్ అయిపోయి, గాల్లోవన్నీ పట్టేస్తుంది. తెగేది కూడా ఎక్కడో కాదు, పిన్ను మెడ దగ్గర. ఎవడైనా వచ్చి నీ ఆంప్లిఫయర్ పాడైంది అంటే ముందు ఆ మెడ పట్టుకొని చూడండి. గిటారిస్టులు ఆంప్లిఫయర్‌ను తిడతారు, కరెంటును తిడతారు, తబలా అతన్ని తిడతారు. వైరును తిట్టినవాణ్ని నేను చూడలేదు.

భూపాల్ అన్న సిద్ధాంతాలు

మా ఆర్కెస్ట్రా యజమాని భూపాల్ అన్న. వాళ్లది ఊళ్లో పాత సేద్యపు కుటుంబం. ఆయనకు సంగీతం రాదు, ఇష్టం కూడా పెద్దగా లేదు. కూరగాయలు నగరానికి మోయడానికి వ్యాను కొన్నాడు. పెళ్లిళ్ల కాలంలో అది సాయంత్రాలు ఖాళీగా ఉంటోందని ఆర్కెస్ట్రా పెట్టాడు. మా డ్రమ్ములకు ఎప్పుడూ కొత్తిమీర వాసన వచ్చేది.

ఆయనకు వైర్ల మీద గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, వైరు ఎంత పొడుగుంటే సౌండ్ అంత దూరం పోతుంది.

"చెల్లె, నీళ్ల పైపు పొడుగుంటే నీళ్లు దూరం పోతయా పోవా?" అని అడిగాడు ఒకరోజు.

"పోతయ్ అన్నా."

"మరి సౌండ్ ఎందుకు పోదు?"

"గిది పైపు గాదన్నా. పొడుగైన కొద్ది సౌండ్ తగ్గుతది."

"వైరు గూడ సన్న పైపే," అన్నాడు ఆయన, ఇక మాట్లాడేదేమీ లేదన్నట్టు.

దాంతో గిటారిస్టు ఆంప్లిఫయర్‌కు ఆనుకొని నిలబడ్డా, మధ్యలో వైరు మాత్రం వంటశాల దాకా పోయి తిరిగి వచ్చేది. వడ్డించేవాళ్లు దాన్ని దాటుకుంటూ సాంబారు బకెట్లు మోసేవాళ్లు.

రెండో నమ్మకం, ప్రోగ్రాం అయిపోయాక కొంత పాట వైరులో మిగిలిపోతుంది. అందుకని కొత్త ప్రోగ్రాముకు ముందు ఆయనే స్వయంగా ప్రతి వైరునూ ఒక కొస పట్టుకొని దులిపేవాడు. ముందురోజు దశదిన కర్మలో భజనలు పాడి వస్తే ఇంకా గట్టిగా దులిపేవాడు. మా గాయని ఒకసారి నిజంగానే, "అన్నా, ఇంకొకపారి దులుపు, పెండ్లి పాట నడుమ రామా రామా అని రావద్దు," అంది. ఆమె చదువుకున్న మనిషి.

నేను నవ్వేదాన్ని. ఒకరోజు దులుపుతుంటే వైరు చుట్టలోంచి తేలు కింద పడింది. అప్పటినుంచి నేను కూడా దులపడం మొదలుపెట్టాను. కొత్త పిల్లలకు ఇదే చెబుతాను. యజమానికి సిద్ధాంతాలు ఉంటాయి. పనికి అడ్డం రాని సిద్ధాంతంతో కొట్లాడకండి. అడ్డం వచ్చే రోజు ఎలాగూ వస్తుంది. ఓపిక అప్పటికి దాచుకోండి.

సుడుల వైరు

నర్సింగ్ మా గిటారిస్టు. బడంగ్‌పేట్ అతను. పగలు టైలరు దుకాణంలో మిషను మీద కూర్చునేవాడు. సన్నటి మనిషి, మాట చాలా తక్కువ. నన్ను అక్కా అని పిలిచేవాడు. రోజంతా కుట్టు మిషను చప్పుడులో ఉండి, మనసులో రాగాలు కట్టుకొని, సాయంత్రం వచ్చి వాయించేవాడు. నిజంగా బాగా వాయించేవాడు. ఆ మాట నాకూ, అతనికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఎందుకంటే అతను ఒంటరిగా వాయించే వంతు రాగానే భూపాల్ అన్న మైకు అందుకునేవాడు. భోజనాలు తయారుగా ఉన్నాయి, మగపెళ్లివాళ్లు ముందు రావాలి, తెల్ల స్కూటరు ఎవరిదో దారికి అడ్డం ఉంది, ఇలాంటివన్నీ అప్పుడే చెప్పేవాడు. పాట మధ్యలో చెబితే గాయని ఊరుకోదు కాబట్టి గిటార్ వంతు అందుకు పనికొచ్చేది. చివరికి గిటార్ ఒక్కటే మోగిందంటే అన్నం ఉడికిందని చుట్టుపక్కల ఊళ్లలో చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టేవాళ్లు. నర్సింగ్ మొదటి తీగ మీటగానే జనం లేచి చేతులు కడుక్కునేవాళ్లు.

అతను ఒక పత్రికలో ఫొటో చూశాడు. ఎవరో విదేశీ గిటారిస్టు, గిటార్ నుంచి సుడులు తిరిగిన వైరు వేలాడుతోంది, టెలిఫోన్ రిసీవర్ తీగ ఉంటుంది కదా, అచ్చం అలా. ఒకప్పుడు పెద్ద పెద్దవాళ్లంతా అదే వాడేవాళ్లట. అది చూసి అతనికి నిద్ర పట్టలేదు. నగరంలో పాత సామాన్లు అమ్మే చోట వెతికి వెతికి ఒకటి తెచ్చుకున్నాడు. నల్లగా నిగనిగలాడుతూ ఉంది. అది ఉంటేనన్నా తనను చూస్తారేమోనని ఆశ.

ఆ వైరుతో మొదటి ప్రోగ్రాం తుక్కుగూడలో ఒక నిశ్చితార్థం. మా ఆంప్లిఫయర్ బరువని కింద చిన్న చక్రాలు పెట్టించాం. నర్సింగ్ మంచి ఊపులో వాయిస్తూ రెండడుగులు ముందుకు వేశాడు. సుడులు సాగాయి. ఇంకా ముందుకు వేశాడు. సుడులు ఇక సాగలేక బిగుసుకున్నాయి. ఆంప్లిఫయర్ అతని వెనకాలే బయల్దేరింది.

అతను చూసుకోలేదు. కుడి వైపు తిరిగితే అదీ కుడి వైపు తిరిగింది. అతను ఆగితే సుడులు ముడుచుకొని అది ఇంకాస్త దగ్గరికి వచ్చి ఆగేది. పాలకు తిరిగే దూడలా ఉంది చూడడానికి. జనం ఆటలో భాగమనుకొని ఈలలు వేశారు. నేను పరుగెత్తి స్టేజి అంచున దాన్ని పట్టుకున్నాను, లేకపోతే పెళ్లికూతురి మేనత్త ఒళ్లో పడేది.

భూపాల్ అన్నకు ఎంత నచ్చిందో. "నర్సింగ్, ఇగ మోసే ఫికర్ లేదు. వ్యాను దాక గిట్లనే నడిపించుకుంట రా," అన్నాడు.

నడిపించుకుంటూనే వచ్చాడు. గతుకుల నేల మీద అంత బరువును లాగిన లాగుడుకు పిన్ను మెడ లోపల రాగి అల్లిక తెగింది. పైకి మాత్రం వైరు ఎప్పట్లాగే నిగనిగలాడుతోంది.

రావిర్యాలలో

మరుసటి ప్రోగ్రాం రావిర్యాలలో, పెళ్లి అయిన సాయంత్రం విందు. యాసంగి వరి కోతలు అయ్యాయి. పందిట్లో కూర్చున్న అందరి వడ్లూ కల్లాల్లో ఆరబోసి ఉన్నాయి. ముందు వరసలో కర్ర పట్టుకొని పెళ్లికూతురి తాత జంగారెడ్డి కూర్చున్నాడు. మా గాయని పాట ఎత్తుకుంది. నర్సింగ్ సుడుల వైరు గిటార్‌కు తగిలించి తీగల మీద చెయ్యి వేశాడు.

ఆంప్లిఫయర్‌లోంచి ఒక గంభీరమైన మగ గొంతు, కాండం తొలిచే పురుగు గురించి మాట్లాడడం మొదలుపెట్టింది.

గాయని ఆగిపోయింది. తబలా ఆగింది. గొంతు ఆగలేదు. పురుగు గుడ్లు ఆకు చివర ఎలా ఉంటాయో, ఏ మందు ఎంత నీళ్లలో కలపాలో తీరికగా చెబుతోంది. రేడియోలో వచ్చే రైతుల కార్యక్రమం అది. నాకు వెంటనే అర్థమైంది. టంకం పెట్టే కడ్డీ తీసుకొని స్టేజి మీదికి వచ్చాను.

"జరసేపు ఆగున్రి. వైరు ఖరాబైంది, బాగు చేస్త," అన్నాను.

జంగారెడ్డి తాత కర్ర అడ్డం పెట్టాడు. "ఖరాబెక్కడైంది బిడ్డా? మంచిగ మాట్లాడుతుంది గద. ఆయన చెప్పేది ఇననియ్యి."

నర్సింగ్ తీగల మీంచి చెయ్యి తీశాడు. గొంతు గొణుగుడులోకి దిగిపోయింది. చెయ్యి వేశాడు. మళ్లీ స్పష్టంగా పలికింది. అతని ఒళ్లే ఏరియల్ అయింది.

"చెయ్యి తియ్యకు పిల్లగా," అన్నాడు తాత.

"నేను వాయించాలె తాతా."

"రోజు వాయిస్తనే ఉంటవు గద. ఇయ్యాల ఒక్కనాడు ఊకుండు. జర తూర్పు దిక్కు తిరుగు. ఇంకొంచెం. గిటార్ మెడ మీదికి లేపు. ఆఁ, గట్లనే ఉండు."

నర్సింగ్ తూర్పు తిరిగి, గిటార్ మెడ ఆకాశం వైపు ఎత్తి నిలబడ్డాడు. జనం కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. వెనక ఉన్నవాళ్లకు వినబడటం లేదంటే నేనే సౌండ్ పెంచాను. ఏం చేస్తాను, పని అదే కదా. పెళ్లికొడుకు కూడా సోఫాలో ముందుకు వంగి చెవి పెట్టాడు.

పురుగు అయిపోయింది. తర్వాత వాతావరణం వచ్చింది. మా జిల్లాలో అక్కడక్కడ ఉరుములతో వాన పడే సూచన ఉందని గొంతు చెప్పింది.

పందిరి మొత్తం ఒకేసారి లేచింది. వడ్లు ఆరుబయట ఉన్నాయి. ఆడవాళ్లు కొంగులు బిగించారు. మగవాళ్లు పంచెలు ఎగగట్టారు. వంటవాడు గరిటె పప్పులోనే వదిలి తమ్ముడి కల్లం వైపు పరుగెత్తాడు. కప్పడానికి పట్టాలు చాలవని ఎవరో అంటే మా వెనకున్న పందిరి గుడ్డ విప్పుకుపోయారు. పెళ్లికొడుకు కూర్చోలేక, లేవలేక పెళ్లికూతురి వైపు చూశాడు. అతని ఇంటి వడ్లూ కల్లంలోనే ఉన్నాయి.

"పో," అంది ఆమె.

మెడలో దండతోనే పోయాడు.

పందిట్లో పెళ్లికూతురు, మేమూ మిగిలాం. ఆమె ఖాళీ కుర్చీలను కాసేపు చూసి, "అక్కా, ఎవ్వరు లేరు గద. ఆ అన్నను జర ఏమన్న వాయించుమను," అంది నాతో.

నర్సింగ్ ముఖం వెలిగింది. గిటార్ దించబోయాడు.

"కదలకు నర్సింగ్," అన్నాడు భూపాల్ అన్న. "వాన పడదని మల్ల మాట మారిస్తే ఎట్ల? మనం ఇనకపోతే అందరు ఉత్తగనే కష్టపడ్డట్టయితది."

దాంతో నర్సింగ్ అలాగే తూర్పు తిరిగి నిలబడ్డాడు. రేడియోలో నువ్వుల సాగు మొదలైంది. పెళ్లికూతురు గడ్డం కింద చెయ్యి పెట్టుకొని నువ్వుల సాగు అంతా విన్నది.

చినుకు కూడా పడలేదు. జనం జుట్టులో గడ్డి పరకలతో, పెళ్లికొడుకు దండ నిండా పొట్టుతో తిరిగి వచ్చి సంతోషంగా భోంచేశారు. వాన పడి ఉన్నా వడ్లు దక్కేవి కదా అన్నారు. పోయేటప్పుడు జంగారెడ్డి తాత నర్సింగ్ భుజం తట్టి, పనికొచ్చే ఆర్కెస్ట్రాను ఇన్నేళ్లకు చూశానన్నాడు.

చెరువు దిక్కు

తెల్లారి నేను వైరు విప్పుదామంటే భూపాల్ అన్న ఇవ్వలేదు. అప్పటికే రెండు ఊళ్ల నుంచి మనుషులు వచ్చి, మాట్లాడే గిటార్ ఆర్కెస్ట్రా ఇదేనా అని అడిగిపోయారట.

"అన్నా, రేడియో ఇనాలంటే రేడియో కొనుక్కుంటరు గద. గిటార్ ఎందుకు?" అన్నాను.

"రేడియో అందరింట్ల ఉన్నది చెల్లె," అన్నాడాయన నా అమాయకత్వానికి జాలిపడుతూ. "గిటార్‌ల ఎవరింట్ల ఉన్నది?"

నేను టంకం కడ్డీ సంచిలో పెట్టేశాను.

ఆయన ఆ వైరును పాత రుమాలులో చుట్టి ఇంటికి తీసుకుపోయేవాడు. ప్రోగ్రాం రోజు మాత్రమే తెచ్చేవాడు. దులపడం కూడా నెమ్మదిగా, గొంతు రాలిపోకుండా దులిపేవాడు. ఊరూరా ఇదే నడిచింది. సాయంత్రం రైతుల కార్యక్రమం వేళకు పాటలు ఆపేవాళ్లం. నర్సింగ్ స్టేజి మధ్యలో తూర్పు తిరిగి నిలబడేవాడు. కొన్నిచోట్ల అతని మెడలో దండ కూడా వేశారు. ఒకచోట ఒకాయన దిష్టి తగులుతుందని గిటార్‌కు నిమ్మకాయ కట్టాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇబ్రహీంపట్నంలోనే ఒక విందులో ముసలామె ఒకతె స్టేజి దగ్గరికి వచ్చింది. ఆమె బర్రె తప్పిపోయిందట.

"కొడుకా, జర అడిగి చెప్పు, నా బర్రె యాడికి పోయిందో," అంది.

"అమ్మా, మనం అడిగితే చెప్పదు. దానికి తోచిందే చెప్తది," అన్నాడు నర్సింగ్.

"పొద్దటి సంది తిరుగుతున్న బిడ్డా. ఒక్కమాట అడుగు."

నర్సింగ్ అప్పటికే చేతులు నొప్పి పుట్టి విసిగిపోయి ఉన్నాడు. "చెరువు దిక్కు చూడు," అన్నాడు.

బర్రె అక్కడే దొరికింది. ఎండాకాలం, పక్కనే అంత పెద్ద చెరువు, బర్రె ఇంకెక్కడికి పోతుంది. కానీ ఆమె తెల్లారి చెంబుతో పాలు తెచ్చి గిటార్ ముందు పెట్టింది. తర్వాతి ప్రోగ్రాముకు స్టేజి పక్కన వరస కట్టారు. ఇంటి తాళం చెవి పోయినవాడు, పత్తి వెయ్యాలా మిర్చి వెయ్యాలా తేలనివాడు, కూతురికి సంబంధం కుదరనివాడు. నర్సింగ్ కళ్లు తెరవకుండా అందరికీ ఒకటే చెప్పాడు. చెరువు దిక్కు చూడు.

అదేం కర్మో, పోయినవాళ్లందరికీ ఏదో ఒకటి దొరికింది. సంబంధం వెతికినాయనకు చెరువు కట్ట మీద చేపల పని చూసే కుర్రాడు కనిపించి అతనే అల్లుడయ్యాడు. తాళం చెవి పోయినవాడికి వేరే ఎవరిదో తాళం చెవి దొరికింది. దానికీ కొబ్బరికాయ కొట్టాడు.

అప్పుడొక మధ్యాహ్నం నర్సింగ్ మా దుకాణానికి వచ్చాడు. గిటార్ బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

"అక్కా, వేళ్లు గట్టిపడ్డయ్," అన్నాడు. "నిన్న ఇంట్ల వాయిద్దామని కూసున్న. చెయ్యి తీగల మీద పెట్టంగనే ఆగిపాయె. కదిలిస్తే ఎవరన్న తిడతరేమో అనిపించింది. ఇంట్ల ఎవ్వరు లేరు, అయినా అనిపించింది."

నేను చాయ్ తెప్పించాను. అతను తాగలేదు.

"అన్నం కోసమన్నా లేస్తుండిరి అప్పుడు. ఇప్పుడు నా ముందుకెల్లి ఎవ్వరు లేవరు. అందరు నన్నే చూస్తున్నరు. నేనే లేను ఆడ."

అంతకుముందు అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం నేను వినలేదు. నవ్వులాటగా మొదలైన సంగతి అతన్ని లోపల్నుంచి తినేస్తోందని అప్పుడు తెలిసింది.

కొత్త పిల్లలకు ఈ ఒక్క ముక్క గట్టిగా చెప్పాలి. జనానికి నచ్చిన లోపం కూడా లోపమే. వైరు పని, వాయించేవాడి చేతిలోంచి వచ్చింది వచ్చినట్టు అవతలికి చేర్చడం. చప్పట్లు పడుతున్నాయని తెగిన వైరును తెగినట్టే వదిలేస్తే ఆ చప్పట్లు ఎవరో ఒకరి మీంచి నడిచిపోతాయి.

"వైరు బాగు చేస్త. భూపాల్ అన్నకు చెప్పను," అన్నాను. "నువ్వు గూడ చెప్పకు. చాయ్ తాగు."

భూపాల్ అన్న మేనకోడలి పెళ్లి

ఆ వారమే భూపాల్ అన్న మేనకోడలి పెళ్లి. విందు ఇబ్రహీంపట్నంలోనే. సొంత ఇంటి వేడుక కాబట్టి ఆయన పాటలు కూడా తగ్గించి, మాట్లాడే గిటార్‌నే ముఖ్యం చేశాడు. కుర్చీలన్నీ స్టేజి మధ్య వైపు తిప్పించాడు. రావిర్యాల నుంచి జంగారెడ్డి తాతను ప్రత్యేకంగా పిలిపించాడు.

మధ్యాహ్నం ఆయన వైరు రుమాలుతో సహా నా చేతికిచ్చి చుట్టాలను చూసుకోవడానికి పోయాడు. నేను స్టేజి వెనక కూర్చొని పిన్ను మూత విప్పాను. లోపల రాగి అల్లిక తెగి, పచ్చగా చిలుమెక్కి ఉంది. చెడిన మేర కత్తిరించి, కొత్తగా ఒలిచి, పోగులు మెలిపెట్టి టంకం పెట్టాను. చాలా చిన్న పని. అంత చిన్న పని కోసం ఇన్ని ఊళ్లు తిరిగామా అని చేతిలో పెట్టుకొని కాసేపు చూశాను. తర్వాత మూత బిగించి మళ్లీ రుమాలులో చుట్టాను.

సాయంత్రం భూపాల్ అన్న వైరును పసిపిల్లను జోకొట్టినట్టు మెల్లగా దులిపి, నర్సింగ్‌కు ఇచ్చాడు. మైకులో, అందరూ నిశ్శబ్దంగా ఉండాలని చెప్పాడు. అందరూ నిజంగానే నిశ్శబ్దమయ్యారు. నర్సింగ్ వైరు తగిలించి తీగల మీద చెయ్యి పెట్టాడు.

ఏమీ రాలేదు. గొణుగుడు కూడా లేదు.

"తూర్పుకు తిరుగు," అన్నాడు భూపాల్ అన్న పళ్ల మధ్యనుంచి.

నర్సింగ్ తిరగలేదు. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అతను మొదటి తీగ మీటాడు.

మొదట్లో వేళ్లు తడబడ్డాయి. జనం అది వార్తలకు ముందు వచ్చే రాగమనుకున్నారు. రేడియోలో అలా ఒకటి వస్తుంది కదా. ఓపిగ్గా కూర్చున్నారు. రాగం సాగింది. ఇప్పుడు గొంతు వస్తుంది, ఇంకాసేపట్లో వస్తుంది అని మెడలు చాచి చూశారు. కొందరు చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. వాన కబురు వినడానికి ఎంత శ్రద్ధగా కూర్చుంటారో అంత శ్రద్ధగా, ఒక్క స్వరం జారిపోకుండా వింటున్నారు. అలా ఒక మనిషి వాయించేది విన్న జనాన్ని నేను నా పని జీవితంలో అంతకుముందు చూడలేదు, తర్వాత కూడా చూడలేదు.

నర్సింగ్ వేళ్లు దారిలో పడ్డాయి. రాగం కిందికి దిగి గొణిగింది. పైకి లేచి కొట్లాటకు వచ్చినట్టు ఉరికింది. మధ్యలో ఒకచోట అతను తీగను సాగదీసి చాలాసేపు పట్టుకున్నాడు. నాకు అతను మా దుకాణంలో స్టూలు మీద కూర్చున్న మధ్యాహ్నం గుర్తొచ్చింది. భూపాల్ అన్న చేతిలో మైకు ఉంది, భోజనాలకు పిలుపు లేదు.

చివరి స్వరం ఆగిపోయాక కూడా జనం కూర్చునే ఉన్నారు. చప్పట్లు లేవు. వార్తలకు ఎవరు చప్పట్లు కొడతారు. జంగారెడ్డి తాత కర్ర ఊతంగా లేచి స్టేజి దగ్గరికి వచ్చాడు. భూపాల్ అన్న రెండు చేతులూ జోడించి క్షమించమనబోయాడు. తాత ఆయన్ని పట్టించుకోలేదు.

"ఇయ్యాల మస్తుసేపు మాట్లాడింది," అన్నాడు నర్సింగ్‌తో.

"అవ్ తాతా."

"మాటలైతే నాకు సమజ్ కాలే. గని ఎవరి మీదనో బాగ కోపమున్నట్టున్నది. నడుమల జర ఏడ్సింది గూడ."

నర్సింగ్ తీగల మీద అరచెయ్యి ఆనించాడు.

"ఎవరు బిడ్డా, గంత అన్యాయం చేసింది?"

భూపాల్ అన్న మైకు పక్కన పెట్టి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. నర్సింగ్ ఆయన వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఎవ్వరు లేరు తాతా. వైరు జర ఖరాబుండె, గంతే."

తాత వెనక్కి తిరిగి, తన కుర్చీని కర్రతో కొక్కెం వేసినట్టు లాక్కొని, స్టేజికి ఆనించి వేసుకొని కూర్చున్నాడు.

"మల్ల మొదటికెల్లి చెప్పుమను," అన్నాడు. "నాకేం తొందర లేదు."